విశాఖ డాక్టర్‌కి గుణుపురం నుంచి ఫోన్‌లో చూపిస్తే చాలా?

ఒడిశాలోని గుణుపురం దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి రాసిన ప్రశ్న ఇది. ఆరేళ్ల బాబుకి నెఫ్రోటిక్ సిండ్రోమ్, అంటే మూత్రంలో ప్రొటీన్ పోయి ఒళ్లు ఉబ్బే కిడ్నీ జబ్బు. విశాఖలో తేల్చి స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఇప్పటికి మూడోసారి తిరగబెట్టింది. ప్రతిసారీ పాసింజర్ ఎక్కి విశాఖ వెళ్లి, ఓపీలో కూర్చుని, రాత్రికి తిరిగి రావడం కుదరక అక్కడే ఉండిపోవడం. కూలి పోతోంది, పిల్లాడి బడి పోతోంది. "వీడియో కాల్‌లో చూపిస్తే చాలదా? మందు డోసు ఫోన్‌లోనే మార్చుకోవచ్చా? ఏ పరిస్థితిలో తప్పకుండా వెళ్లాలి? ఇది ఉద్దానం జబ్బేనా?" అని అడిగారు.

నేను పిల్లల డాక్టర్‌ని. గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి వచ్చే కిడ్నీ పిల్లల్ని చాలా ఏళ్లుగా నేరుగానూ ఫోన్‌లోనూ చూస్తున్నాను. మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెడుతున్నది అదే అనిపించింది.

కాదండీ, ఇది ఉద్దానం జబ్బు కాదు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కనిపించే కిడ్నీ జబ్బు ఎక్కువగా పెద్దవాళ్లది, అందులోనూ ఎండలో పనిచేసేవాళ్లది. అందులో మొదట్లో వాపు ఉండదు, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, చడీచప్పుడు లేకుండా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరుగుతూ పోతుంది. మీ బాబుది దానికి పూర్తిగా తలకిందులు. ప్రొటీన్ విపరీతంగా పోతుంది, ఒళ్లంతా నీరు పడుతుంది, కానీ మందుకి లొంగినంత కాలం కిడ్నీ పని మామూలుగానే ఉంటుంది. పిల్లల్లో వచ్చే నెఫ్రోటిక్ పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి స్టెరాయిడ్‌తోనే తగ్గుతుంది. మళ్లీ మళ్లీ రావడం కూడా ఈ జబ్బు గుణమే. మూడోసారి వచ్చిందంటే వైద్యం ఫెయిలైనట్టు కాదు. పలాసలో 2023లో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చాయని విని, అక్కడికి తీసుకెళ్లమంటారా అని అడిగే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. మీ బాబుకి కావలసింది ఆ పరిశోధన కాదు, పిల్లల కిడ్నీ జబ్బులు తెలిసిన డాక్టర్.

ఇక అసలు సంగతి. ఫోన్‌లో చూడటానికి ఇంతగా పనికొచ్చే పిల్లల జబ్బులు చాలా తక్కువ. కారణం ఒక్కటే. జబ్బు తిరగబెట్టినప్పుడు ముందు మూత్రంలో ప్రొటీన్ కనిపిస్తుంది, వాపు ఆ తరువాత వస్తుంది. ఆ మధ్యలో కొన్ని రోజుల వ్యవధి ఉంటుంది. ఆ రోజుల్లో డాక్టర్ చెవిన పడితే పిల్లాడు ఇంట్లోనే మందు తింటూ కోలుకుంటాడు. కళ్లు ఉబ్బి, పొట్ట నిండా నీరు చేరాక తెలిస్తే ఆసుపత్రి మంచం తప్పదు. అంటే వీడియోలో పిల్లాడి మొహం చూసి డాక్టర్ కనిపెట్టేది ఎంతో లేదు. మొహంలో కనిపించేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది. మీ ఇంట్లో పొద్దున్నే మూత్రం చూసి పుస్తకంలో రాసిన అంకె ఉంటే ఫోన్ వైద్యం నడుస్తుంది, లేకపోతే నడవదు. మాకు వచ్చే కాల్స్‌లో సగం "సార్, బాబుకి కొంచెం వాపుగా ఉన్నట్టుంది" అని మొదలవుతాయి. పుస్తకం ఉందా అంటే, ఆసుపత్రిలో ఇచ్చారు గానీ ఎక్కడో ఉందంటారు. ఆ కాల్‌లో నేను చేయగలిగింది "రేపు పొద్దున్న చూసి చెప్పండి" అనడమే.

కాబట్టి ముందు ఆ పుస్తకం. మామూలు లాంగ్ నోట్‌బుక్ చాలు. తేదీ, పొద్దుటి మూత్రంలో ప్రొటీన్ ఎంత, బరువు, ఆ రోజు వేసిన వైసలోన్ (స్టెరాయిడ్ మాత్ర) ఎన్ని మిల్లీగ్రాములు, జ్వరం దగ్గు లాంటివేమైనా ఉన్నాయా. ఈ ఐదే.

మూత్రం స్ట్రిప్‌తో, అంటే ప్రొటీన్ ఉంటే రంగు మారే సన్నటి పట్టీతో చూడాలి. లేవగానే పట్టిన మొదటి మూత్రమే వాడండి. పగటిపూట పరుగులు పెట్టాక పట్టిన మూత్రంలో జబ్బు లేకపోయినా కాస్త ప్రొటీన్ కనిపించవచ్చు. స్ట్రిప్‌ని ముంచి తీసి, అంచుకున్న తడిని గిన్నె అంచుకి ఆనించి వదిలించి, సరిగ్గా 60 సెకన్లకి డబ్బా మీదున్న రంగులతో పోల్చండి. పసుపు రంగులోనే ఉంటే ప్రొటీన్ లేనట్టు. ఆకుపచ్చ ముదిరేకొద్దీ 1, 2, 3, 4 ప్లస్‌లు. అయిదు నిమిషాలు వదిలేసి చూస్తే అన్నీ ఆకుపచ్చగానే కనిపిస్తాయి. ఆ ఫోటోలు పంపించి భయపడిపోయేవాళ్లు ఎంతమందో. ఫోటో తీయాలంటే ట్యూబ్‌లైట్ కింద వద్దు, వాకిట్లో పగటి వెలుగులో, డబ్బా రంగుల పక్కన స్ట్రిప్ పెట్టి తీయండి. డబ్బా మూత వెంటనే బిగించాలి. మన కొండల వైపు వానాకాలం తేమకి స్ట్రిప్‌లు త్వరగా పాడవుతాయి. ఫ్రిజ్‌లో పెట్టకండి.

స్ట్రిప్‌లు అయిపోయి, దుకాణంలో దొరకని వారం వస్తే పాత పద్ధతి ఉంది. గాజు పరీక్ష నాళికలో ముప్పాతిక వంతు మూత్రం పోసి, పై భాగాన్ని మాత్రమే మంట మీద వేడి చేస్తే ప్రొటీన్ ఉన్నప్పుడు పైన తెల్లగా మబ్బు పడుతుంది. దాంట్లో రెండు మూడు చుక్కలు తెల్ల వెనిగర్ వేసినా ఆ తెలుపు పోకుండా ఉంటే అది ప్రొటీనే. కరిగిపోతే ఫాస్ఫేట్లు, పట్టించుకోనక్కర్లేదు. అంకె చెప్పలేదు గానీ ఉందో లేదో చెబుతుంది. పెద్దవాళ్లే చేయాలి, నాళిక మూతి ఎవరి మొహం వైపూ ఉండకూడదు.

వరుసగా మూడు రోజులు 3 ప్లస్ లేదా అంతకంటే ఎక్కువ వస్తే జబ్బు తిరగబెట్టినట్టు. వరుసగా మూడు రోజులు లేదనో, ఆనవాలు మాత్రమే అనో వస్తే అణిగినట్టు. ఈ మూడు రోజుల నియమం ఊరికే పెట్టింది కాదు. జ్వరం వచ్చిన రోజు, జలుబు చేసిన రోజు ఒకటి రెండు పొద్దుటలు ప్రొటీన్ పైకి లేచి మళ్లీ దానంతటదే దిగిపోవచ్చు. అలాంటప్పుడు భయపడి సొంతంగా స్టెరాయిడ్ పెంచేస్తే పిల్లాడికి అనవసరంగా మోతాదు పడుతుంది. రెండో రోజు కూడా 3 ప్లస్ ఉందంటే మాత్రం డాక్టర్‌కి మెసేజ్ పెట్టి ఉంచండి, మూడో పొద్దున్న మాట్లాడుకోవచ్చు.

డోసు ఫోన్‌లో మార్చవచ్చా అన్నారు. మార్చవచ్చు, మార్చేది డాక్టరైతే. తిరగబెట్టినప్పుడు మన దేశంలో పిల్లల కిడ్నీ డాక్టర్లు పాటించే పద్ధతి ప్రకారం రోజుకి కిలో బరువుకి 2 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ (వైసలోన్‌లో ఉండే మందు ఇదే), గరిష్ఠంగా 60, మూత్రం మూడు రోజులు శుభ్రంగా వచ్చేదాకా. ఆ తరువాత కిలోకి 1.5 చొప్పున, గరిష్ఠంగా 40, రోజు విడిచి రోజు, నాలుగు వారాలు. ఇది చదివి మీరే లెక్క వేసుకోమని చెప్పడం లేదు. పుస్తకంలో బరువు ఎందుకు రాయమంటున్నానో తెలియాలని చెబుతున్నాను. వాపులో ఉన్న పిల్లాడి బరువులో రెండు మూడు కిలోలు నీళ్లే ఉండొచ్చు. వాపు లేనప్పుడు తూచిన బరువు పుస్తకంలో ఉంటే ఫోన్‌లో డోసు లెక్క పొరపాటు పోదు. రేషన్ షాపు కాటా, అంగన్‌వాడీ కాటా, ఇంటి మిషను అని మార్చకుండా ఒకే కాటా మీద, పొద్దున్నే, మూత్రం పోశాక, ఒకేలాంటి పలచటి బట్టలతో తూచండి. ఒకటి రెండు రోజుల్లో అర కిలో పెరిగిందంటే అది అన్నం కాదు, నీరు.

మీ బాబుకి ఏడాదిలోనే మూడుసార్లు వచ్చి ఉంటే స్టెరాయిడ్‌తో పాటు లెవామిసోల్ లాంటి రెండో మందు ఆలోచిస్తారు. ఆ నిర్ణయం ఫోన్‌లో తీసుకోవాలని ఆశించకండి. దానికి నేరుగా వెళ్లి, ఎత్తు, కళ్లు, బీపీ, రక్త పరీక్షలు అన్నీ చూపించుకుని, కూర్చుని మాట్లాడుకోవాలి. మందు మొదలయ్యాక తరువాతి చూపులు ఫోన్‌లో నడుస్తాయి.

బీపీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఊళ్లో ఉన్న మిషన్లన్నిటికీ పెద్దవాళ్ల పట్టీ ఉంటుంది. పిల్లాడి చేతికి పెద్ద పట్టీ చుడితే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, మరీ చిన్నది చుడితే ఎక్కువ చూపిస్తుంది. పట్టీ లోపలి గాలి సంచి వెడల్పు జబ్బ చుట్టుకొలతలో దాదాపు 40 శాతం ఉండాలి, పొడవు చేయి చుట్టూ 80 శాతమైనా తిరగాలి. మణికట్టు మిషన్లు పిల్లలకి వద్దు. రెండో తప్పు అంకెది. పెద్దవాళ్లకి 120/80 అంటే బాగుందంటాం. ఆరేళ్ల బాబుకి పై అంకె 105 దాటి పదేపదే వస్తుంటే శ్రద్ధగా చూడాలి, 120 అంటే ఎక్కువే. సబ్ సెంటర్‌లో సిస్టరమ్మ "నార్మలే" అని చీటీ మీద రాసిచ్చినా అంకె కూడా రాయమని అడగండి. డాక్టర్‌కి కావలసింది అంకె. పిల్లల పట్టీ మీ సబ్ సెంటర్‌లో లేకపోతే వారానికోసారి గుణుపురం సబ్ డివిజనల్ ఆసుపత్రిలో చూపించుకోవడం మేలు.

ల్యాబ్ రిపోర్టులో కూడా ఇలాంటి గోతే ఒకటి ఉంది. క్రియాటినిన్ 0.9 వచ్చింది, పక్కన నార్మల్ 1.2 దాకా అని అచ్చేసి ఉంది, కాబట్టి బాగుందనుకుంటారు. ఆ నార్మల్ పెద్దవాళ్లది. పిల్లల్లో కిడ్నీ పని లెక్కకట్టడానికి సూత్రం చాలా తేలిక: ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని 0.413తో గుణించి క్రియాటినిన్‌తో భాగిస్తారు. 110 సెంటీమీటర్ల పిల్లాడికి 0.5 ఉంటే లెక్క దాదాపు 91 వస్తుంది, బాగున్నట్టు. అదే పిల్లాడికి 0.9 ఉంటే 50 వస్తుంది, అంటే కిడ్నీ పని సగం దగ్గరికి పడిపోయిందన్న మాట. అందుకే ఫోన్‌లో రిపోర్టు ఫోటోతో పాటు ఎత్తు కూడా పంపాలి. గోడకి మడమలు ఆనించి నిలబెట్టి, తల మీద పుస్తకం బల్లపరుపుగా పెట్టి గీత గీసి టేపుతో కొలవండి, మూడు నెలలకోసారి. స్టెరాయిడ్ వాడే పిల్లలు ఎదగడం మందగిస్తే మొదట తెలిసేది కూడా ఈ గీతల్లోనే.

ఫోన్ పక్కన పెట్టి బండి ఎక్కాల్సిన రోజులు వేరే ఉన్నాయి. జ్వరంతో కడుపునొప్పి, పొట్ట ముట్టుకోనివ్వకపోవడం. నెఫ్రోటిక్ పిల్లల్లో పొట్టలో చేరిన నీటికి ఇన్‌ఫెక్షన్ సోకితే గంటల్లో ముదురుతుంది. ఆయాసం, పడుకోలేకపోవడం. ఫిట్స్, తీవ్రమైన తలనొప్పితో వాంతులు, చూపు మసకబారడం. ఒక కాలు మాత్రమే ఉబ్బి నొప్పెట్టడం, ఇది రక్తం గడ్డకట్టడం కావచ్చు. చేతులు కాళ్లు చల్లబడి మగతగా ఉండటం. అర రోజుకు పైగా మూత్రం రాకపోవడం. వీటిలో ఏది ఉన్నా ముందు 108కి ఫోన్ చేసి, గుణుపురం ఆసుపత్రికైనా పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రికైనా బయలుదేరి, దారిలో విశాఖ డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఆ ఫోన్ కూడా ఉపయోగమే. అక్కడి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ ఇచ్చి ఇద్దరినీ మాట్లాడించండి. మీరు మధ్యలో మోసే మాటలకంటే డాక్టర్ డాక్టర్‌తో చెప్పుకునే రెండు నిమిషాలు ఎక్కువ పనిచేస్తాయి.

వాంతుల గురించి ఒకమాట. చాలా రోజులు స్టెరాయిడ్ వాడిన పిల్లాడికి ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉంటుంది. వాంతులై మాత్ర నిలవకపోతే, లేదా మాత్రలు అయిపోయాయని రెండు రోజులు మానేస్తే ప్రమాదం. పెద్ద జ్వరం వచ్చినప్పుడు, ఆపరేషన్ చేయాల్సినప్పుడు అదనపు మోతాదు అవసరం పడుతుంది. పిల్లాడికి వేరే ఏ డాక్టర్ వైద్యం చేసినా "స్టెరాయిడ్ వాడుతున్నాడు" అని మొదటి మాటగా చెప్పండి. ఇంట్లో కనీసం పది రోజుల వైసలోన్ ఎప్పుడూ నిల్వ ఉండాలి. బంద్‌లూ కొండచరియలూ మనకి కొత్త కాదు కదా.

ఇంట్లోనో వీధిలోనో ఎవరికైనా ఆటలమ్మ పోసినా అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి, రేపటిదాకా ఆగకూడదు. అమ్మవారని బయటికి చెప్పకుండా ఉండిపోయే ఇళ్లున్నాయి. వేపాకు కట్టుకోండి, నేనేమీ అనను, కానీ ఫోన్ చేయండి. పెద్ద మోతాదు స్టెరాయిడ్ మీద ఉన్నప్పుడు తట్టు, ఆటలమ్మ లాంటి సజీవ టీకాలు వేయించకూడదు. న్యూమోకోకల్ టీకా మాత్రం తప్పక అడిగి వేయించుకోండి. నొప్పి బిళ్లలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎవరు ఇచ్చినా వద్దు. జ్వరానికి పారాసెటమాల్ చాలు.

చట్టం గురించి భయపడుతున్నవాళ్లు కూడా ఉన్నారు, విశాఖ డాక్టర్ ఒడిశాలో ఉన్న పిల్లాడిని ఫోన్‌లో చూడొచ్చా అని. చూడొచ్చు. 2020 మార్చి 25న కేంద్రం తెచ్చిన టెలిమెడిసిన్ (ఫోన్ వైద్యం) మార్గదర్శకాల ప్రకారం రిజిస్టరైన డాక్టర్ దేశంలో ఏ మూల ఉన్న రోగికైనా ఫోన్‌లో సలహా ఇవ్వొచ్చు. పదహారేళ్ల లోపు పిల్లలైతే పక్కన పెద్దవాళ్లు ఉండి తీరాలి. కాబట్టి తాతగారి ఫోన్ పిల్లాడి చేతికిచ్చి మీరు పొలం వెళ్లడం కుదరదు. పంపే చీటీ మీద డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అవి ఉంటే ఆ ఫోటో చూసి మందుల షాపువాళ్లు ఇస్తారు.

ప్రభుత్వం నడిపే ఫోన్ వైద్య సేవ ఈ-సంజీవనిని 2020 ఏప్రిల్ నుంచి ఇంటి నుంచే వాడుకోవచ్చు. సబ్ సెంటర్‌లో సీహెచ్‌వో (అక్కడి ఆరోగ్య అధికారి) దగ్గర కూర్చుని అక్కడి నుంచి పెద్ద డాక్టర్‌తో మాట్లాడే పద్ధతి అంతకుముందే ఉంది. నా అభిప్రాయం అడిగితే మీకు రెండోదే మేలు. బీపీ అక్కడే చూస్తారు, మందుల పేర్లు రాసిపెడతారు. ఇబ్బందల్లా భాష. ఒడిశా వైపు డాక్టర్ వస్తే ఒడియాలో మాట్లాడతారు. మీకు బజారులో బేరమాడేంత ఒడియా వచ్చినా "రోజు విడిచి రోజు" అన్న మాట పొరపాటుగా అర్థమైతే మందు రెట్టింపు పడుతుంది. చెప్పింది మళ్లీ మీ మాటల్లో తిరిగి చెప్పి "ఇదేనా?" అని అడగండి. తేదీలు వేసి రాయించుకోండి: సోమవారం ఉంది, మంగళవారం లేదు. క్యాలెండర్ మీద సున్నా చుట్టుకున్నా మంచిదే. అయితే ఈ-సంజీవనిలో ప్రతిసారీ కొత్త డాక్టర్ రావచ్చు. తిరగబెట్టే జబ్బుకి ఒకే డాక్టర్ ఉండటం ముఖ్యం. అందుకని మీ విశాఖ డాక్టర్‌నే ఫోన్ చూపులకి ఒప్పించండి, ఈ-సంజీవనిని మధ్యలో వచ్చే జలుబు, విరేచనాలకి వాడుకోండి.

ఖర్చు విషయంలో క్లుప్తంగా: 2025లో ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కాబట్టి ఆ కార్డు విశాఖలో ఆ పథకం కింద నమోదైన ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. అది అడ్మిషన్‌కే. ఫోన్ చూపులు, స్ట్రిప్‌లు, ఓపీ మందులు మీ జేబు నుంచే. ఆంధ్రా ఆరోగ్య పథకం ఆంధ్రా నివాసులకి, బంధువుల చిరునామాతో ప్రయత్నించి సమయం పోగొట్టుకోకండి.

సిగ్నల్ లేని ఊళ్లవాళ్లు వీడియో రాలేదని వాపోతారు. వీడియో రాకపోయినా నష్టం లేదు. పుస్తకం పేజీ ఫోటో, స్ట్రిప్ ఫోటో, పొద్దున్న లేవగానే మొహం ఫోటో, ముంగాలి ఎముక మీద బొటనవేలితో అయిదు సెకన్లు నొక్కి తీశాక గుంట పడిందేమో ఆ ఫోటో. ఇవి గుట్ట దిగి సంతకి వచ్చినప్పుడు పంపినా సరే, తరువాత మామూలు కాల్‌లో మాట్లాడుకోవచ్చు. ఆయాసం అనుమానం ఉంటే చొక్కా తీసి ఛాతీ కనిపించేలా ఒక నిమిషం వీడియో. మగపిల్లలకి వృషణాల దగ్గర వాపు వస్తే దాని ఫోటో అవసరమైనా డాక్టర్ అడిగితేనే పంపండి, పంపాక ఇద్దరి ఫోన్లలోనూ చెరిపేయమనండి. కుటుంబ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి.

ఇది చదివే ఇతర తల్లిదండ్రులకి రెండు ముక్కలు. గజ్జి, పుండ్లు వచ్చిన కొన్ని వారాలకి పిల్లాడికి మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే, దానితో పాటు మొహం ఉబ్బితే, అది ఫోన్ జబ్బు కాదు. బీపీ ఒక్కసారిగా పెరిగి ఫిట్స్ రావచ్చు. నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. పసి మగపిల్లాడికి మూత్రం ధార కట్టకుండా చుక్కలు చుక్కలుగా పడుతుంటే స్కానింగ్ కావాలి, దాన్ని ఏ వీడియో కాల్ తేల్చలేదు. ఇంట్లో పొట్ట డయాలిసిస్ చేసుకునే పిల్లలకైతే ఫోన్ గొప్ప ఆసరా. బయటికి వచ్చిన నీటి సంచి వెనక న్యూస్‌పేపర్ పెట్టి అక్షరాలు చదవగలిగితే నీరు తేటగా ఉన్నట్టు. మసకగా ఉంటే వెంటనే ఫోటో పంపి, సంచి పారేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మీ బాబు విషయంలో నేనైతే ఇలా పెడతాను. మూత్రం శుభ్రంగా ఉన్నన్నాళ్లూ నెలకోసారి ఫోన్, మూడు నెలలకోసారి విశాఖ. ఆ మూడు నెలల ప్రయాణంలోనే ఎత్తు, బీపీ, రక్త పరీక్షలు, కంటి పరీక్ష అన్నీ ఒకే రోజులో అయ్యేలా ముందే ఫోన్‌లో తేదీ మాట్లాడుకోండి. స్టెరాయిడ్ ఎక్కువ వాడిన పిల్లల కళ్లలో శుక్లం రావచ్చు, అందుకే కంటి పరీక్ష. తిరగబెట్టినప్పుడు మూడో పొద్దున్న కాల్, ఆ తరువాత మూత్రం శుభ్రపడేదాకా మూడు నాలుగు రోజులకోసారి పుస్తకం ఫోటో. పూర్తి మోతాదు మీద రెండు వారాలు దాటినా ప్రొటీన్ దిగకపోతే ఫోన్‌లో లాగొద్దు, వెళ్లిపోవాలి.

బడి మానిపించకండి. వాపు లేనప్పుడు ఆటలూ మానిపించనక్కర్లేదు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు తినొచ్చు, పప్పు తినొచ్చు. ఆవకాయ, ఎండు చేప, అప్పడం మాత్రం వాపున్న రోజుల్లో ఇంట్లో ఎవరూ వాడి ముందు పెట్టుకోకపోవడమే మంచిది. హెడ్మాస్టర్‌కి మీ ఫోన్ నంబరు, స్టెరాయిడ్ వాడుతున్నాడన్న సంగతి ఒక కాగితం మీద రాసివ్వండి. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ వస్తే మీకు కబురు చేయమని అందులోనే రాయండి.